పడిపోకపోవడమే ప్రాణం తీసింది: ముష్టియోధుడు బెన్నీ పారెట్ జీవితం

చెరకు నరికి కూలి తెచ్చుకున్న కుర్రవాడు ఇరవై మూడేళ్ల వయసులో ముష్టియుద్ధంలో ప్రపంచ విజేత అయ్యాడు. ఇరవై అయిదేళ్లు నిండిన పదో రోజున రింగులో స్పృహ తప్పి ఒరిగిపోయాడు. మరి పది రోజులకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. అతని పేరు బెన్నీ పారెట్, దేశం క్యూబా. అతను పోయి అరవై ఏళ్లు దాటింది. అయినా ముష్టియుద్ధం మాట వచ్చిన చోటల్లా అతని పేరు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. పారెట్ ఒక్క దెబ్బకు చనిపోలేదు. ఏడాది పొడవునా ఒకదానిపై ఒకటిగా పడిన దెబ్బలకు చనిపోయాడు. ఎన్ని దెబ్బలు పడినా కింద పడడన్న పేరే అతనికి అన్నం పెట్టింది. చివరకు ఆ పేరే అతని ప్రాణం తీసింది.

చెరకు తోటల్లో బాల్యం

క్యూబా అనేది అమెరికాకు దక్షిణాన సముద్రంలో ఉన్న పొడుగాటి దీవి. అక్కడ చెరకే ప్రధాన పంట, పంచదారే ప్రధాన ఎగుమతి. పారెట్ పుట్టేనాటికి పెద్ద తోటలు, మిల్లులు కొద్దిమంది ఆసాముల చేతుల్లోనూ, అమెరికా కంపెనీల చేతుల్లోనూ ఉండేవి. కోత కాలం ఏడాదికి కొన్ని నెలలే. ఆ నాలుగు నెలలూ కూలీలకు చేతినిండా పని ఉండేది. తర్వాత మిల్లు ఆగితే కూలీ పొయ్యి కూడా ఆగేది. పని లేని ఆ నెలలకు అక్కడి జనం పెట్టుకున్న పేరు చచ్చిన కాలం.

ఆ దీవి నడిబొడ్డున ఉన్న శాంతా క్లారాలో 1937 మార్చి 14న పారెట్ పుట్టాడు. అసలు పేరు బెర్నార్డో. నల్లజాతి పేద కుటుంబం. చదువు అబ్బలేదు. చిన్నతనంలోనే చెరకు తోటల్లో పనికి దిగాడు. చెరకు కొట్టినవారికి ఆ పని ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. వంగి మొదలు నరకాలి, ఆకు ఒలవాలి, కొస కొట్టాలి, గడను పక్కన పడేసి మళ్లీ వంగాలి. ఎండ మాడుస్తుంది, ఆకు అంచు చేతులు కోస్తుంది, నూగు ఒంటికి గుచ్చుకుంటుంది. రోజల్లా ఆ పని చేసిన కుర్రవాడికి భుజాలు గట్టిపడతాయి, నొప్పిని లెక్కచేయకపోవడమూ అలవాటవుతుంది. ముష్టియుద్ధానికి కావలసినవి కూడా ఆ రెండే.

క్యూబాలో పేదింటి కుర్రవాడికి కూలి బతుకు నుంచి బయటపడే దారులు తక్కువ. వాటిలో ముష్టియుద్ధం ఒకటి. 1931లో కిడ్ చాక్లెట్ అనే యోధుడు ఆ దేశానికి మొదటి ప్రపంచ విజేత అయ్యాడు. 1951లో కిడ్ గవిలాన్ ఆ ఘనత సాధించాడు. గవిలాన్ చేయిని కింది నుంచి గుండ్రంగా తిప్పి ఒక దెబ్బ కొట్టేవాడు. చెరకు కత్తి విసిరి విసిరి ఆ దెబ్బ తనకు అలవడిందని చెప్పుకునేవాడు. కిడ్ అంటే కుర్రవాడు అని అర్థం. పారెట్ కూడా ఆ బాటనే నడిచి ఆ ముద్దుపేరే పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు నిండక ముందే డబ్బు తీసుకుని పోటీలు ఆడడం మొదలుపెట్టాడు.

ఈ ఆట తీరు

మన ఊళ్ల కుస్తీ గోదాలో ప్రత్యర్థి వీపు నేలకు ఆనిస్తే గెలిచినట్టే. అక్కడితో లేచి చేతులు కలుపుకుంటారు. ముష్టియుద్ధం అలా కాదు. నాలుగు వైపులా తాళ్లు కట్టిన చదరమే రింగు. మూడు నిమిషాలు కొట్టుకోవాలి, ఒక నిమిషం విశ్రాంతి. దాన్ని ఒక రౌండు అంటారు. పారెట్ కాలంలో ప్రపంచ విజేత బిరుదు కోసం జరిగే పోటీ పదిహేను రౌండ్లు. కింద పడినవాడు రిఫరీ పది లెక్కించేలోగా లేవకపోతే ఓడినట్లు. దాన్నే నాకౌట్ అంటారు. పదిహేను రౌండ్లూ ఇద్దరూ నిలబడి ఉంటే న్యాయనిర్ణేతలు మార్కులు చూసి విజేతను ప్రకటిస్తారు.

ఇందులో రిఫరీకి ఒక పెద్ద అధికారం ఉంది. ఒక యోధుడు తనను తాను కాపాడుకోలేని స్థితిలో పడ్డాడని అనిపిస్తే, ఆ క్షణమే మధ్యకు వెళ్లి పోటీ ఆపేయవచ్చు. అది అధికారం మాత్రమే కాదు, బాధ్యత కూడా. పోటీకి ముందు పరీక్షించే డాక్టరు, యోధుడి మంచి చెడ్డలు చూసే మేనేజరు, రింగులో ఉండే రిఫరీ. యోధుడి ప్రాణానికి ఈ ముగ్గురే కాపలా. ఎందుకంటే రింగులో ఉన్న మనిషి తనంతట తాను చాలని చెప్పడు. అలా చెబితే పిరికివాడన్న పేరు వస్తుంది, ఆ పేరు వస్తే మరో పోటీ రాదు.

అమెరికాలో అడుగు

ముష్టియుద్ధంలో పెద్ద డబ్బు అమెరికాలో ఉంది. 1950ల చివర్లో పారెట్ అక్కడికి చేరాడు. మాన్యుయెల్ ఆల్ఫారో అతనికి మేనేజరు అయ్యాడు. ఆ రోజుల్లో అమెరికాలో వారం వారం టెలివిజన్‌లో ముష్టియుద్ధ పోటీలు చూపేవారు. దానితో టీవీకి పనికొచ్చే యోధులకు గిరాకీ పెరిగింది. పారెట్ అందుకు సరిపోయాడు. అతను ఒక్క గుద్దుతో మనిషిని పడగొట్టే రకం కాదు. మొత్తం జీవితంలో గెలిచిన 35 పోటీల్లో నాకౌట్లు పదే. అతని బలం వేరే ఉంది. ఎదుటివాడు ఎంత కొట్టినా తట్టుకుని మీదికి వెళ్లేవాడు. కొట్టి కొట్టి వాడు అలసిపోయాక తను మొదలుపెట్టేవాడు. ఒక్కోసారి దెబ్బకు తూలినట్లు నటించి, ఎదుటివాడు దగ్గరకు రాగానే విరుచుకుపడేవాడు. జనానికి ఇది బాగా నచ్చింది.

67 కిలోల లోపు బరువువారి తరగతిని వెల్టర్ వెయిట్ అంటారు. ఆ తరగతిలో 1960 మే 27న లాస్ వేగాస్ నగరంలో డాన్ జోర్డాన్‌పై పదిహేను రౌండ్లు పోరాడి పారెట్ ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్‌లో అర్జెంటీనా యోధుడు ఫెడెరికో థాంప్సన్‌ను ఓడించి బిరుదు నిలబెట్టుకున్నాడు. ఈలోగా సొంత దేశంలో పరిస్థితి మారిపోయింది. 1959లో క్యూబాలో విప్లవం వచ్చింది. అమెరికాతో సంబంధాలు తెగిపోయాయి. కొత్త ప్రభుత్వం డబ్బు కోసం ఆడే క్రీడలను 1960ల మొదట్లోనే నిషేధించింది. ముష్టియుద్ధమే జీవనంగా ఉన్న క్యూబా యోధులు ఇల్లు, పని రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వచ్చింది. పారెట్ అమెరికాలోనే ఉండిపోయాడు. అక్కడే భార్య, ఒక మగబిడ్డ. ఆ కుటుంబానికి అతని ఒళ్లే ఆస్తి.

ఏడాదిలో నాలుగు పోటీలు

పారెట్ కథలో రెండో మనిషి ఎమిల్ గ్రిఫిత్. అతనూ దీవి నుంచి వచ్చినవాడే. అమెరికా ఏలుబడిలోని వర్జిన్ దీవుల్లో 1938లో పుట్టాడు. న్యూయార్క్‌లో ఆడవాళ్ల టోపీలు తయారు చేసే చోట పనికి కుదిరాడు. అతని భుజాలు చూసిన యజమాని ముష్టియుద్ధం నేర్పించే గిల్ క్లాన్సీ దగ్గరకు పంపాడు. మెత్తని మనిషి, టోపీలు కుట్టడమంటే ఇష్టం. కానీ రింగులో చేయి వేగం.

1961 ఏప్రిల్ 1న వీరిద్దరూ మొదటిసారి తలపడ్డారు. పదమూడో రౌండులో పారెట్ నాకౌట్ అయ్యాడు, బిరుదు పోయింది. సెప్టెంబరు 30న రెండోసారి పోటీ జరిగింది. పదిహేను రౌండ్లూ సాగింది. ముగ్గురు నిర్ణేతల్లో ఇద్దరు పారెట్ వైపు, ఒకరు గ్రిఫిత్ వైపు తీర్పు చెప్పారు. పారెట్ బిరుదు తిరిగి గెలుచుకున్నాడు. కాని ఆ గెలుపు కోసం అతను తిన్న దెబ్బలు తక్కువేమీ కాదు.

ఆ తర్వాత జరిగింది అసలు పొరపాటు. బిరుదు గెలిచిన రెండు నెలల తొమ్మిది రోజులకే, డిసెంబరు 9న, పారెట్‌ను లాస్ వేగాస్‌లో జీన్ ఫుల్మర్ ముందు నిలబెట్టారు. ఫుల్మర్ పై తరగతి విజేత. ఆ తరగతి బరువు పరిమితి పారెట్ తరగతి కంటే దాదాపు ఆరు కిలోలు ఎక్కువ. అందులోనూ ఫుల్మర్ ఎద్దులాంటి మనిషి. 1957లో షుగర్ రే రాబిన్సన్ అంతటి వాణ్ణి ఓడించినవాడు. పారెట్ ఎప్పటిలాగే పారిపోకుండా ఎదురు నిలిచాడు. పది రౌండ్ల పాటు తలకు, ఒంటికి దెబ్బలు తిన్నాడు. పదో రౌండులో నాకౌట్ అయ్యాడు. తన జీవితంలో మరెవరినీ అంత గట్టిగా కొట్టలేదని ఫుల్మర్ తర్వాత చెప్పుకున్నాడు.

ఆ పోటీ పై తరగతి బిరుదు కోసం జరిగింది కాబట్టి పారెట్ సొంత బిరుదు అతని దగ్గరే ఉంది. బిరుదు ఉంటే పోటీ ఉంటుంది, పోటీ ఉంటే డబ్బు ఉంటుంది. మూడున్నర నెలలు తిరిగేసరికి గ్రిఫిత్‌తో మూడోసారి పోటీ ఖాయం చేశారు. పన్నెండు నెలల లోపు నాలుగు పెద్ద పోటీలన్నమాట. అందులో రెండు నాకౌట్లు. దున్నే ఎద్దు కాలు నొచ్చుకుంటే రైతు దాన్ని నాలుగు రోజులు కాడికి కట్టడు. పారెట్ తలకు ఎంత విశ్రాంతి కావాలని గట్టిగా అడిగినవారు లేకపోయారు. పోటీకి ముందు డాక్టర్లు పరీక్షించి దేహస్థితి బాగానే ఉందన్నారు. మెదడు లోపలి గాయాన్ని ఫోటోలా చూపే స్కానింగ్ యంత్రాలు ఆ రోజుల్లో లేవు.

ఉదయం ఒక మాట

పోటీ 1962 మార్చి 24, శనివారం. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. ఆ ఉదయం ఇద్దరి బరువూ తూచే సమయంలో పారెట్ ఎగతాళికి దిగాడు. గ్రిఫిత్ ఒంటిపై చేయి వేసి, అతని మగతనాన్ని కించపరిచే ఒక స్పానిష్ మాట అన్నాడు. మగవాళ్లతో సంబంధం పెట్టుకునేవాడని దాని అర్థం. ఆ రోజుల్లో అమెరికాలో అలాంటి మాట బయటపడితే మనిషికి ఉద్యోగం, పరువు రెండూ పోయేవి. చట్టం కూడా దాన్ని నేరంగానే చూసేది. గ్రిఫిత్ అక్కడికక్కడే కలబడబోతే క్లాన్సీ పట్టి ఆపాడు.

మర్నాటి పత్రికలు ఆ మాటను అచ్చు వేయడానికే జంకాయి. ఏదో అవమానం జరిగిందని మాత్రం రాశాయి. నిజానికి పోటీకి ముందు ఎదుటివాణ్ణి రెచ్చగొట్టడం ఆ రంగంలో మామూలే. కోపంలో ఉన్నవాడు తప్పులు చేస్తాడని వారి లెక్క. పారెట్ కూడా ఆ లెక్కతోనే అని ఉంటాడు. అందుకని ఆ మాటే అతన్ని చంపిందని చాలామంది తేల్చేశారు. కాని ఎంత కోపం ఉన్నా, కొట్టవలసినవాడు ఎక్కడ ఆగాలో చెప్పడానికే రింగులో రిఫరీ ఉంటాడు.

పన్నెండో రౌండు

రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్. పూర్వం తానూ ముష్టియోధుడే. అనుభవంలోనూ, పేరులోనూ ఆ కాలపు పెద్ద రిఫరీల్లో ఒకడు. హాలులో ఏడు వేల మందికి పైగా జనం, దేశమంతటా టీవీల ముందు లక్షలాది మంది.

ఆరో రౌండు చివర్లో పారెట్ కొట్టిన దెబ్బలకు గ్రిఫిత్ కింద పడ్డాడు. లేచాడు గానీ నిలదొక్కుకోలేకపోయాడు. అంతలో గంట మోగి బతికిపోయాడు. మరికొన్ని క్షణాలు సమయం ఉంటే ఆ రాత్రి పారెట్ గెలిచి ఉండేవాడేమో. విశ్రాంతి సమయంలో క్లాన్సీ గ్రిఫిత్‌ను హెచ్చరించాడు. దగ్గరకు వెళ్లినప్పుడు పారెట్ వచ్చి పట్టుకునేవరకో, రిఫరీ ఆపేవరకో చేయి ఆపవద్దని చెప్పాడు. అంటే ఆపే పని రిఫరీదేనని అందరూ నమ్మారు.

తరువాతి రౌండ్లలో గ్రిఫిత్ పుంజుకున్నాడు. పన్నెండో రౌండులో పారెట్‌ను ఒక మూలకు నెట్టాడు. తలపై వరసగా దెబ్బలు పడ్డాయి. పారెట్ చేతులు కిందికి జారాయి. తల తాళ్ల బయటికి వాలింది. ఇక తప్పించుకునే శక్తి లేదు. మామూలుగా అయితే ఆ దెబ్బలకు ఏ మనిషైనా కింద పడతాడు. పడితే రిఫరీ లెక్క మొదలుపెడతాడు, కొట్టేవాడు దూరంగా వెళ్లాలి. కాని మూల స్తంభం, తాళ్లు పారెట్‌ను పడనివ్వలేదు. నిలబడి ఉన్నట్టే కనిపించాడు. గ్రిఫిత్ కొన్ని క్షణాల్లో ఇరవైకి పైగా గుద్దులు గుద్దాడు. మూలలో ఉన్న తన మనుషులూ పోటీని ఆపించలేదు.

గోల్డ్‌స్టీన్ కదిలి గ్రిఫిత్‌ను వెనక్కి లాగేసరికి ఆ రౌండులో రెండు నిమిషాల తొమ్మిది సెకన్లు గడిచాయి. గ్రిఫిత్‌ను లాగగానే పారెట్ తాళ్ల వెంట మెల్లగా జారి కింద ఒరిగాడు. మళ్లీ లేవలేదు. అతన్ని స్ట్రెచరు మీద బయటికి తీసుకుపోయారు. రింగులో గ్రిఫిత్ తిరిగి ప్రపంచ విజేత అయ్యాడని ప్రకటించారు.

గోల్డ్‌స్టీన్ ఎందుకు ఆలస్యం చేశాడు? పారెట్‌కు ఉన్న పేరు వల్లనే అన్నది ఆ రంగం తెలిసినవారి అభిప్రాయం. దెబ్బ తిన్నట్లు నటించి తిరగబడతాడని అందరికీ తెలుసు. ప్రపంచ విజేతను తొందరపడి ఓడినట్లు ప్రకటిస్తే జనం అల్లరి చేస్తారు. పారెట్ ఈసారి కూడా ఓర్చుకుని తిరిగి వస్తాడని రిఫరీ ఎదురుచూశాడు. ఆ కొద్ది క్షణాల్లోనే అంతా అయిపోయింది.

పది రోజులు

పారెట్‌ను రూజ్‌వెల్ట్ ఆసుపత్రికి తరలించారు. మెదడుకూ పుర్రెకూ మధ్య రక్తం గడ్డకట్టింది. డాక్టర్లు ఆ రాత్రే ఆపరేషన్ చేసి రక్తం తీశారు. స్పృహ రాలేదు.

ముదురు కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్లు కదలడం వినిపిస్తుంది. మనిషి తలలో మెదడు కూడా అలాగే కొంచెం నీటిలో తేలుతూ ఉంటుంది. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు పుర్రె ఒక్కసారిగా తిరుగుతుంది, మెదడు వెనకబడి తిరుగుతుంది. ఆ గుంజాటలో రెండింటినీ కలిపే సన్నని సిరలు తెగుతాయి. కారిన రక్తానికి బయటికి పోయే దారి ఉండదు. గట్టి పుర్రె లోపల అది మెదడును నొక్కుతుంది. చేతికి తొడిగే మెత్తని తొడుగులు దీన్ని ఆపలేవు. అవి కొట్టేవాడి వేళ్ల ఎముకలు విరగకుండా కాపాడేందుకే ఎక్కువ పనికొస్తాయి. పాత దెబ్బ పూర్తిగా మానకముందే కొత్త దెబ్బ తగిలితే ముప్పు ఇంకా ఎక్కువని వైద్యులు ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నారు.

గ్రిఫిత్ ఆసుపత్రికి వెళ్లాడు. పారెట్‌ను చూడనివ్వలేదు. ఏప్రిల్ 3న, స్పృహ రాకుండానే పారెట్ చనిపోయాడు. అప్పటికి కొడుకుకు రెండేళ్లు. భార్య రెండో బిడ్డను మోస్తోంది. ఆ బిడ్డ తండ్రిని చూడలేదు. చెరకు తోటల్లో పుట్టినవాణ్ణి న్యూయార్క్ శ్మశానంలో పూడ్చారు.

తప్పు ఎవరిది

ఒక మనిషిని చావుదెబ్బలు కొట్టడాన్ని ఇళ్లల్లో కూర్చుని టీవీలో చూసిన దేశం ఉలిక్కిపడింది. న్యూయార్క్ రాష్ట్ర అధికారులు విచారణ జరిపారు. రిఫరీది తప్పు కాదు, డాక్టర్లది తప్పు కాదు, నిబంధనల ప్రకారమే అంతా జరిగిందని తేల్చారు. మేనేజరు రిఫరీని తప్పుపట్టాడు. మిగతావారు మేనేజరును తప్పుపట్టారు. కొందరు గ్రిఫిత్‌ను, కొందరు జనాన్ని, కొందరు ఆటనే తప్పుపట్టారు. ఇందరిలో ఒక్కరు ఒక్కసారి వద్దంటే పారెట్ బతికేవాడు. ఫుల్మర్ పోటీ వద్దని మేనేజరు అనవచ్చు. ఇంకా ఆరు నెలలు ఆగమని డాక్టరు అనవచ్చు. చేతులు జారిన క్షణాన రిఫరీ అడ్డం వెళ్లవచ్చు. ప్రతివాడూ ఆ మాట రెండోవాడు అంటాడని ఊరుకున్నాడు. గోల్డ్‌స్టీన్ ఆ తర్వాత రింగులోకి దిగడం దాదాపు మానుకున్నాడు.

దాదాపు ఏడాదికి, 1963 మార్చి 21న, లాస్ ఏంజెలెస్‌లో ఒకే రాత్రి కొన్ని పెద్ద పోటీలు జరిగాయి. ఒక దానిలో గ్రిఫిత్ క్యూబా యోధుడు లూయీ రోడ్రిగ్స్ చేతిలో బిరుదు కోల్పోయాడు. అదే రింగులో, అదే రాత్రి డేవీ మూర్ అనే మరో ప్రపంచ విజేత క్యూబాకు చెందిన షుగర్ రామోస్ దెబ్బకు వెనక్కి పడ్డాడు. మెడ వెనుక భాగం తాడుకు కొట్టుకుంది. నాలుగు రోజుల్లో మూర్ కూడా చనిపోయాడు. 1964లో అమెరికా టీవీలో వారం వారం వచ్చే ముష్టియుద్ధ కార్యక్రమం ఆగిపోయింది.

మార్పులు మెల్లగా వచ్చాయి. రింగు తాళ్లు మూడు నుంచి నాలుగు అయ్యాయి. 1982 నవంబరులో లాస్ వేగాస్ పోటీలో దెబ్బలు తిని కొరియా దేశపు కిమ్ డుక్ కూ చనిపోయిన తర్వాత, ప్రపంచ బిరుదు పోటీలను పదిహేను రౌండ్ల నుంచి పన్నెండుకు తగ్గించడం మొదలైంది. ఇప్పుడు నాకౌట్ అయిన యోధుణ్ణి కొంతకాలం పోటీకి, సాధనకు కూడా దిగనివ్వరు. స్కానింగ్ చేయించాలనే నిబంధన చాలా చోట్ల ఉంది. రిఫరీలు ఇప్పుడు ముందుకంటే త్వరగా ఆపుతున్నారు. ఆపినప్పుడు జనం ఈలలు వేసి గోల చేయడం మాత్రం మారలేదు. క్యూబా ప్రభుత్వం తన నిషేధాన్ని అరవై ఏళ్లు కొనసాగించి 2022లో సడలించింది. ఈలోగా డబ్బు తీసుకోని పోటీల్లో ఆ దేశం ప్రపంచాన్ని ఏలింది. తెయోఫిలో స్టీవెన్సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో వరసగా మూడు బంగారు పతకాలు తెచ్చాడు.

బతికి ఉన్నవాడి శిక్ష

పారెట్ కథ అతనితో ముగియలేదు. గ్రిఫిత్‌కు చాలా ఏళ్లు పీడకలలు వచ్చేవి. చంపినవాడంటూ తిడుతూ ఉత్తరాలు వచ్చాయి. అతను 1977 వరకు ఆడాడు. పై తరగతిలోనూ ప్రపంచ విజేత అయ్యాడు. కాని 1962 తర్వాత ఎదుటివాడు డీలా పడితే చేయి వెనక్కి తీసుకునేవాడు. పూర్తి బలంతో కొట్టలేకపోయానని తనే ఒప్పుకున్నాడు. 1992లో మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు చేరే ఒక మద్యశాల నుంచి బయటికి వస్తుండగా కొందరు అతన్ని చావబాదారు. బతికి బయటపడ్డాడు. తను ఆడవాళ్లనూ, మగవాళ్లనూ ఇష్టపడ్డ మాట నిజమేనని ముసలితనంలో బయటికి చెప్పాడు. మనిషిని చంపితే లోకం క్షమించింది గానీ, మనిషిని ప్రేమిస్తే క్షమించలేదన్న బాధ అతన్ని చివరిదాకా వదలలేదు.

2005లో వారి కథపై ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. అందులో పారెట్ కొడుకు గ్రిఫిత్‌ను కలుసుకున్నాడు. తండ్రి పోయేనాటికి రెండేళ్లున్న ఆ కొడుకు అప్పటికి నలభై దాటినవాడు. అతను గ్రిఫిత్‌ను తిట్టలేదు, కౌగిలించుకున్నాడు. కోపం పెట్టుకోలేదని చెప్పాడు. గ్రిఫిత్ కన్నీరు పెట్టుకున్నాడు. అప్పటికే ఏళ్ల తరబడి తిన్న దెబ్బలు అతని మెదడునూ దెబ్బతీశాయి. జ్ఞాపకశక్తి పోతూ వచ్చింది. 2013 జులై 23న, 75 ఏట అతనూ పోయాడు.

పారెట్ ఆడిన పోటీలు 50. గెలిచినవి 35, ఓడినవి 12, సమానంగా ముగిసినవి 3. ఈ రంగంలో అంతకంటే గొప్ప లెక్కలున్నవారు ఎందరో ఉన్నారు. పారెట్ గుర్తుండేది గెలుపుల వల్ల కాదు. దెబ్బలు ఓర్చుకునేవాణ్ణి చూసి ఇంకా ఓర్చుకుంటాడులే అనుకోవడం లోకానికి అలవాటు. బరువు మోసేవాడి మీదే మరో బస్తా వేస్తారు. ఎంతవరకు అన్నది మోసేవాడు చెప్పడు, పక్కనున్నవాడే చూసి చెప్పాలి. ఆ రాత్రి న్యూయార్క్ రింగులో చూసినవారు వేల మంది ఉన్నారు. వేళకు చెప్పినవారు మాత్రం లేరు.